ఉన్న దారం

రోజు 21,306

ఈ పుస్తకంలో ప్రతి పేజీకి ఆరు గడులు ఉన్నాయి. తేదీ, డిజైను, కుట్లు, దారం ఎన్నిసార్లు తెగింది, సూది మార్చామా లేదా, ఇతరములు. మొదటి ఐదూ నింపడానికి నాకు నిమిషం పట్టదు. ఆరోది ఎందుకు పెట్టారో నాకన్నా ముందు ఈ మిషన్ మీద పనిచేసిన ముసలాయనకు కూడా తెలియదు. ఆయన ముప్పై ఏళ్లు అందులో 'లేవు' అని రాశాడు. నేను ఇరవై రెండేళ్లుగా అదే రాస్తున్నాను. ఇవాళ మాత్రం ఉన్నాయి.

నాలుగో లెవల్‌లో ఉండే పోశం నిన్న పోయాడు. పోయినవాళ్ల వెంట పైకి వెళ్లే గుడ్డ మీద కుట్టడానికి ఆయన బతికుండగానే జోడెడ్లను ఎంచుకున్నాడు. ఎడ్లను ఆయన చూసింది లేదు, వాళ్ల తాత చెప్పగా విన్నాడంతే. ఇక్కడ అందరం అంతే. పైన ఎండకు తాళలేక మా పెద్దలు దిగిన ఈ గని కిందే పుట్టాం, చూడనివే కోరుకుంటాం.

మొదటి ఎద్దు చక్కగా వచ్చింది. రెండోది మెడ దాకా వచ్చి ఆగిపోయింది. దారం తెగలేదు, సూది విరగలేదు. మిషన్ మీదున్న అరచేయంత తెర మీద 'డిజైను ముగిసింది' అని వచ్చింది, అంతే.

పోశం భార్య సారమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. లేచి వచ్చి గుడ్డను వేళ్లతో తడిమింది.

"ఓదెలన్నా, ఇదేంది? ఒక ఎద్దుకు తలకాయే లేదు."

"ఫైలు సగమే వచ్చిందమ్మా."

"సగమొచ్చుడేంది? మనిషి నిండుగనే పోయిండు గదా."

ఆ తలను చేతి సూదితో రెండు గంటలు కూర్చుని కుట్టాను. కొమ్ములు కొంచెం వంకర వచ్చాయి. సారమ్మ వాటిని వేలితో నిమిరింది.

రోజు 21,309

తప్పు పెన్‌డ్రైవ్‌దే. స్పిరిట్‌తో తుడిచాను, బట్టలో చుట్టి వెచ్చబెట్టాను, తిట్టాను కూడా. ఒకసారి చదువుతుంది, రెండుసార్లు మొండికేస్తుంది.

మా మిషన్ చాలా పాతది. పాతకాలపు చిన్న పెన్‌డ్రైవ్‌లను తప్ప దేన్నీ గుర్తుపట్టదు. డబ్బాలో ఒకప్పుడు పదకొండు ఉండేవి. ఇది ఆఖరిది.

డిజైన్లన్నీ రెండో లెవల్‌లో, తేమ తక్కువగా ఉండే గదిలో, కంప్యూటర్‌లో ఉన్నాయి. మిషన్ ఇక్కడ అయిదో లెవల్‌లో ఉంది. దీన్ని దించినవాళ్లు పోయారు, మళ్లీ ఎత్తే మొనగాడు పుట్టలేదు. రెండింటికీ మధ్య బావిలాంటి గాలి దారి ఉంది. దాంట్లో తాడుకు కట్టిన రేకు డబ్బా పైకీ కిందికీ తిరుగుతుంది. అందులో పెన్‌డ్రైవ్ వస్తుంది, దానికి దారంతో కట్టిన చిట్టీ వస్తుంది.

చిట్టీ లేకపోతే ఫైలు ఎందుకూ పనికిరాదు. సూది ఎక్కడ దిగాలో ఫైలుకు తెలుసు, రంగు మార్చడానికి ఎక్కడ ఆగాలో తెలుసు. ఏ రంగో మాత్రం తెలియదు. అది చిట్టీలో ఉంటుంది. 'అంచు ఎరుపు, కొమ్మ గోధుమ, ఆకు పచ్చ.' ఆ వరసలో నేను దారాలు ఎక్కిస్తాను.

చిట్టీ రాసేది మా అక్క భూదేవి. మూడు లెవళ్ల పైన ఉంటుంది. పదకొండేళ్లుగా మా ఇద్దరికీ మాటల్లేవు. అంచు ఎరుపు, ఆకు పచ్చ, ఇవే మేం మాట్లాడుకునే మాటలు.

ఇవాళ చిట్టీ వెనక్కి తిప్పి రాశాను. 'పోశం ఫైలు సగమే వచ్చింది. పెన్‌డ్రైవ్ పోతున్నది.'

డబ్బా దిగింది. 'నా దగ్గర నిండుగనే ఉంది.'

తప్పు తన వైపు లేదని చెప్పడానికి మా అక్కకు ఎప్పుడూ నాలుగు మాటలకు మించి అక్కర్లేదు. కానీ అక్షరాలు వణికి ఉన్నాయి. ఆమె రాత అచ్చు గుద్దినట్టు ఉంటుంది, ఇలా ఎప్పుడూ లేదు.

రోజు 21,312

గట్టయ్య వచ్చాడు. పోయినవాళ్లను పైకి మోసుకెళ్లే నలుగురిలో పెద్దాయన. ఇంకొకరి గుడ్డ తీసుకుని వెళ్లబోతూ ఆగాడు.

"మీ అక్క బాగ దగ్గుతున్నదిరా. పోయి చూస్తవా?"

"రమ్మంటె పోత."

"ఆమె కూడ గదే అన్నది. 'వస్తె వద్దంటనా' అన్నది. ఇద్దరు ఒక్క కడుపునే పుట్టిండ్రు, బాగనే తెలుస్తున్నది."

ఆయన వెళ్లాక మిషన్‌కు నూనె పెట్టాను. నిన్ననే పెట్టాను.

రోజు 21,315

పెన్‌డ్రైవ్ చచ్చిపోయింది. పొద్దుటి నుంచి నలభైసార్లు పెట్టి తీశాను. 'ఏమీ లేదు' అంటుంది.

ఇక మిగిలింది ఒక్క దారి. మిషన్ వెనుక, దుమ్ము పట్టిన మూత కింద, కేబుల్ పెట్టే చోటు ఉంది. కేబుల్ కూడా ఉంది. పొడవు ఆరడుగులు. అంటే కంప్యూటర్ ఈ గదికే రావాలి. కంప్యూటర్ వస్తే దాన్ని నడిపే మనిషి రావాలి.

రాయక తప్పదు కాబట్టి ఆ సంగతి రాస్తాను.

మా అమ్మ రాజవ్వ మూడేళ్ల పిల్లగా కిందికి వచ్చింది. పై లోకం గురించి ఆమెకు గుర్తున్నది ఒక్కటే, తంగేడు పూలు. "ఒర్రె పొంటి పూస్తె దీపాలు పెట్టినట్టే ఉంటుండె బిడ్డా" అనేది. ఒర్రె అంటే సన్నటి వాగట. ఆమె చెప్తుంటే అక్క కంప్యూటర్‌లో గీసింది. రేకులు ఎన్ని, ఎలా వంగుతాయి, మొగ్గ ఎక్కడ. ఏడాది పట్టింది. నలభై ఒక్క వేల రెండు వందల అరవై కుట్లు, అయిదు రంగులు. నేను కుట్టిన వాటిలో అంత అందమైన డిజైను ఇంకోటి లేదు.

అమ్మ పోయిన రోజు నా దగ్గర పసుపు దారం లేదు. మా దారాలు పాత చీరల నుంచి లాగేవి. పసుపు చీర నూటికి ఒకటి దొరికితే గొప్ప. మా దీపాలన్నీ నారింజ రంగువి. వాటి కింద పసుపూ తెలుపూ ఒక్కలాగే కనబడతాయి. చీరల మీద పెద్దలు రాసిపెట్టిన రంగు పేరునే రీలు మీద కాగితంలో రాసుకుంటాం గానీ కళ్లతో చెప్పలేం. పూలకు తెల్ల దారం ఎక్కించాను. దీపం కింద పెట్టి చూసుకున్నాను. ఎంతో బాగుంది. ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను.

పోయినవాళ్లతో పైకి ఒక్క రక్తబంధువు వెళ్లవచ్చు. పెద్దది కాబట్టి అక్క వెళ్లింది. తెల్లవారుతుండగా వెళ్లి, ఎండ ముదరకముందే దిగింది. ముసుగు కూడా తీయకుండా నేరుగా ఈ గదికి వచ్చింది.

"అమ్మ పువ్వులకు ఏ దారం ఎక్కిచ్చినవ్?"

"పసుపు లేకుండె అక్కా. ఉన్న దారమే ఎక్కిచ్చిన. దీపం కింద రెండు ఒక్కతీరే గదా, ఎవలు చూస్తరు?"

పైన చూసింది కింద చెప్పకూడదన్నది మా కట్టుబాటు. కాబట్టి ఇంకేమీ చెప్పలేదు. వెళ్లిపోయింది. మర్నాటి నుంచి చిట్టీలే.

పోయిన మనిషి చూసుకుంటుందా, ఇంత పట్టుదల దేనికి అని నాకూ కోపం వచ్చింది. ఆ కోపం ఒక ఏడాది ఉంది. తర్వాత పోయింది, కానీ అప్పటికి వెళ్లి పలకరించడానికి ముఖం చెల్లలేదు.

ఇవాళ రాశాను. 'కంప్యూటర్ కిందికి తేవాలె. కేబుల్ ఆరడుగులే.'

చాలాసేపటికి డబ్బా దిగింది. 'తెస్త.'

రోజు 21,318

కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి, పసిపిల్లను దించినట్టు గట్టయ్యవాళ్లు దించారు. దాని వెనుక అక్క వచ్చింది. గోడ పట్టుకుని నడుస్తోంది. నా గుర్తులో ఉన్న మనిషి ఇంత చిన్నగా లేదు.

"బల్ల ఎక్కడేస్తవ్?" అంది. పదకొండేళ్ల తర్వాత మొదటి మాట.

మిషన్ పక్కన, దారాల అరకు ఎదురుగా వేశాను. వేరే చోటు లేదు. ఆమె కూర్చుంది, దగ్గింది, నేను నీళ్లిచ్చాను, తాగింది. తెర వెలిగించింది.

ఆ వెలుగు దీపంలాంటిది కాదు. అరలోని దారాలు ఒక్కసారిగా విడివిడిగా కనబడ్డాయి. నల్లవనుకున్నవి కొన్ని నీలం. ఇరవై రెండేళ్లుగా చేత్తో తిప్పిన దారాలను ఇప్పుడే కలిసినట్టుంది.

అప్పుడు గుర్తొచ్చింది. కింది అరలో, ఎడమ పక్కన, పద్నాలుగు రీళ్లు పసుపు ఉంది. పదకొండేళ్లుగా దొరికిన ప్రతి పసుపు అంచునూ ముడి లేకుండా లాగి చుట్టి పెట్టాను. ఎవరి గుడ్డకు చిట్టీలో పసుపు వచ్చినా వాళ్ల చీర నుంచే తీశాను గానీ వీటిని ముట్టలేదు. ఎందుకు దాస్తున్నానో నాకు నేను కూడా చెప్పుకోలేదు. గబుక్కున ఒక గుడ్డ తీసి వాటి మీద కప్పాను.

అక్క తెర వైపే చూస్తోంది.

రోజు 21,322

పంపడం నేర్చుకుంటున్నాను. నాకు నలభై ఏళ్లు. వేళ్లు సూదులకు అలవాటు పడ్డాయి, మీటలకు కాదు.

"ముందుగాల మిషన్‌ను తయారుగ పెట్టాలె. ఆ మీట నొక్కు. 'ఎదురుచూస్తున్న' అని వచ్చిందా? అప్పుడు ఈడికెళ్లి పంపాలె. మిషన్ తయారుగ లేకముందు పంపితె ఫైలు గాలిల కలుస్తది."

మొదటి రెండుసార్లు తొందరపడి ముందే పంపాను. గాలిలో కలిసింది.

"చిన్నప్పటికెళ్లి గంతే నువ్వు. అవతలోడు వింటున్నడో లేడో చూడకుంట మాట్లాడుతవ్."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు గానీ పెదవి కొంచెం వంగింది. మూడోసారి తెర మీద అంకెలు ఒకటి నుంచి నూరు దాకా ఎక్కాయి. నూరు పడగానే ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం. ఆమెకు దగ్గు తెర వచ్చింది, చాలాసేపు ఆగలేదు. చెంగు అడ్డం పెట్టుకుంది. చెంగు మీద పడ్డది మా దీపాల కింద నల్లగా కనబడింది. తెర వెలుగులో ఎర్రగా ఉంది.

"డాక్టరమ్మ ఏమన్నది?"

"ఏమంటది. బొగ్గు పొడి. అమ్మకు గదే గదా."

మంచం ఇక్కడే వేశాను. పైకి వెళ్లే ఓపిక లేదని ఆమె అనలేదు, ఉండమని నేను అనలేదు. ఉండిపోయింది.

ఆ పాత మాట ఎత్తాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. మనిషి తేలికగా ఊపిరి తీసుకుంటున్నప్పుడు దాన్ని చెడగొట్టబుద్ధి కాలేదు. ఆయాసపడుతున్నప్పుడు అడగబుద్ధి కాలేదు.

రోజు 21,327

పాఠం అయిపోయిందని చెప్పింది. ఆఖరుకు ఒక ఫైలు సొంతంగా పంపమంది.

"ఏది?"

"నాది. గా చివరిది."

మిషన్‌ను తయారుగా పెట్టాను, ఎదురుచూస్తోందని రూఢి చేసుకున్నాను, పంపాను. నూరు పడింది. మిషన్ తెర మీద సంఖ్య వచ్చింది.

41,260. రంగులు 5.

ఆ సంఖ్య నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎవరి డిజైను వాళ్లది, ఇంకొకరిది పెట్టుకోవడం మా దగ్గర లేదు. అక్క అమ్మ గుడ్డనే తనకు పెట్టుకుంది.

తిరిగి చూశాను. ఆమె కళ్లు మూసుకుని పడుకుని ఉంది.

"అక్కా, చిట్టీ ఏది?"

"రాస్తలే."

రోజు 21,331

మొదటి షిఫ్టు గంట కొట్టేలోపు అక్క పోయింది. నేను మిషన్ కింద రాలిన దారప్పోగులు ఊడుస్తున్నాను. దగ్గు ఆగిందని సంతోషించాను. తర్వాత అర్థమైంది.

ఇరవై రెండేళ్లు ఒక తాడుకు ఆ కొసన ఆమె, ఈ కొసన నేను. అందులో సగం ఏళ్లు నేను పాడుచేశాను. ఈ మాట ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

ఒళ్లు తుడిచిన సారమ్మ, అక్క చెంగు ముడిలో ఏదో ఉందని తెచ్చి ఇచ్చింది. చచ్చిపోయిన ఆ పెన్‌డ్రైవ్. దానికి ఎప్పటిలాగే దారంతో కట్టిన చిట్టీ. చిట్టీలో అయిదు రంగుల వరస ఉంటుందని విప్పాను. అది లేదు.

'తమ్మీ, ఉన్న దారమే ఎక్కియ్యి.'

నా మాటే. పదకొండేళ్ల కిందట ఈ గదిలో నేనన్న మాట. ముఖం మీద కొట్టినట్టయింది. క్షమించానంటోందా, పోతూ పోతూ ఎత్తిపొడుస్తోందా? మా అక్క రెండూ చేయగలదు.

రోజు 21,332

ఫైలు మళ్లీ పంపాలి. మధ్యలో కరెంటు పోయి మిషన్ మరిచిపోయింది. అక్క కుర్చీలో కూర్చున్నాను. ఇన్ని రోజులూ నేను మిషన్ వైపు నిలబడ్డానే గానీ ఈ కుర్చీలో ఒంటరిగా కూర్చోలేదు. తెర వెలిగించాను.

ఎదురుగా దారాల అర ఉంది. నేను కప్పిన గుడ్డ పై వరస రీళ్లకే సరిపోయింది. కింద వరసలో ఏడు రీళ్లు బయటికే ఉన్నాయి. నిలబడితే కనబడవు. కూర్చుంటే కళ్లకు సూటిగా ఉన్నాయి. తెర వెలుగులో, పక్కనున్న తెలుపుకూ వాటికీ తేడా పిల్లలు కూడా చెప్పగలరు. ప్రతి రీలు మీదా నా రాతలో కాగితం ఉంది. 'పసుపు. ముట్టవద్దు.' కింద ఏ ఏడాది చుట్టానో.

తొమ్మిది రోజులు ఆమె వీటిని చూస్తూ కూర్చుంది. చూసి, ఏమీ అడగకుండా, ఉన్న దారమే ఎక్కించమంది.

నేను ఆ కుర్చీలోనే ఏడ్చాను. సారమ్మ గుమ్మం దగ్గరికి వచ్చి, చూసి, తలుపు దగ్గరికి వేసి వెళ్లింది.

తర్వాత లేచి సూది మార్చాను. అంచు ఎరుపు, కొమ్మ గోధుమ, ఆకు పచ్చ, మొగ్గ లేత పచ్చ. ఆ వరస చిట్టీ లేకుండానే నా వేళ్లకు గుర్తుంది. ఆఖరుకు పసుపు. పద్నాలుగు రీళ్లలో పదమూడు పట్టాయి. మిషన్ కుడుతున్నంతసేపూ దాని మీద చెయ్యి పెట్టే ఉంచాను.

రోజు 21,333

పైన చూసింది కింద చెప్పకూడదు. రాయకూడదని మాత్రం ఎవరూ అనలేదు.

రక్తబంధువును నేనొక్కణ్నే. గట్టయ్య నాకు ముసుగు కట్టాడు.

"నలభై నిమిషాలు. నేను పిలిస్తె మల్ల ఆగొద్దు."

లిఫ్టు తలుపు తీశారు. మొదట ఏమీ కనబడలేదు, కళ్లలో నీళ్లు ధారగా కారాయి. గాలి వేడిగా ఉంది. కాసేపటికి రాళ్ల గుట్ట, దాని వాలు మీద వరసగా రాతి కుప్పలు కనబడ్డాయి. ప్రతి కుప్ప మీదా ఒక గుడ్డ, నాలుగు మూలలా రాళ్లు. నేను కుట్టినవే. అన్నీ తెల్లగా ఉన్నాయి.

తప్పు చూశాననుకుని దగ్గరికి వెళ్లాను. పోశం ఎడ్లు. నెల కూడా కాలేదు. ముదురు గోధుమ రంగు దారంతో కుట్టాను, ఇప్పుడు సున్నం కొట్టినట్టుంది. రెండో ఎద్దు కొమ్ములు వంకరగా ఉన్నాయి.

"ఎన్ని దినాలుంటది రంగు?" అన్నాను.

"పది దినాలు. మబ్బు పడితె పదిహేను. ఎండ అంత గుంజుకుంటది."

"మా అమ్మది?"

చూపించాడు. గుడ్డ చాలావరకు చివికిపోయింది. ఒక మూల రాయి కింద ఒక పువ్వు మిగిలి ఉంది. తెలుపు. పక్క కుప్ప మీద ఎర్ర అంచుది కూడా తెలుపే. నేను పసుపు వేసినా పది రోజుల తర్వాత ఇదే తెలుపు.

అంటే ఆ రంగులు పోయినవాళ్ల కోసం కాదు. వెంట వచ్చే ఆ ఒక్క మనిషి కోసం. గని కింద పుట్టి, దీపాల కింద పెరిగి, బతుకులో ఒక్క పొద్దు వెలుగులోకి వచ్చే మనిషి కోసం. అమ్మ చెప్పిన పసుపును అక్క ఏడాది పాటు తెర మీద గీసింది. దాన్ని ఒక్కసారి ఎండలో చూద్దామని పైకి వచ్చి ముసుగులోంచి చూస్తే తెల్లగా ఉంది. నేను అమ్మకు అన్యాయం చేశానని పదకొండేళ్లు అనుకున్నాను. చేసింది అక్కకు. అది ఆమె నోరు విప్పి చెప్పడానికి కట్టుబాటు ఒప్పుకోలేదు.

అక్కను పడుకోబెట్టారు. రాళ్లు పేర్చారు. గుడ్డ పరచడం బంధువు పని. మడత విప్పాను.

పొద్దు అప్పుడే గుట్ట మీదికి వచ్చింది. వెలుగు గుడ్డ మీద పడింది. నేను దీపం కింద కుట్టింది ఇది కాదు. తెర వెలుగులో చూసిందీ ఇది కాదు. అంత పసుపు ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. అమ్మ చెప్పింది, ముసలి మాటలనుకున్నాను.

"అక్కా, చూడే" అన్నాను పైకే. గట్టయ్య పక్కకు తిరిగాడు.

ఆయన పిలిచేదాకా అక్కడే కూర్చున్నాను. అక్క చూడాల్సిన పొద్దును కూడా కలిపి చూశాను. ఆయన మూడుసార్లు పిలవాల్సి వచ్చింది.

కిందికి దిగి ముసుగు తీయకుండా నేరుగా ఈ గదికి వచ్చాను. మిగిలిన ఒక్క పసుపు రీలు మీద 'ముట్టవద్దు' అన్నది కొట్టేశాను. సారమ్మ తన గుడ్డకు బంతిపూలు పెట్టుకుంది, ఆమెకు కొడుకున్నాడు, వెంట పైకి వెళ్లేది వాడే.

నిన్నటి గడులు నింపలేదు. ఇప్పుడు నింపుతున్నాను.

డిజైను: తంగేడు. రాజవ్వ గీయించింది, భూదేవి గీసింది.
కుట్లు: 41,260.
దారం తెగింది: లేదు.
సూది: కొత్తది.
ఇతరములు: పసుపు చూశాను.